స్కోరుబోర్డు మీద 32

అందరికీ నమస్కారం.

ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల చరిత్ర గురించి, రికార్డుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మీలో చాలామందికి ఈ అంకెలు కంఠస్థమే అని నాకు తెలుసు. అందుకే వాటిని మళ్లీ వల్లించకుండా ఒక స్కోరుబోర్డుతో మొదలుపెడతాను.

2001 ఏప్రిల్ 11, ఆస్ట్రేలియాలోని కాఫ్స్ హార్బర్ పట్టణం. మరుసటి ఏడాది జరిగే ప్రపంచ కప్పుకు అర్హత పోటీ అది. ఒకవైపు ఆస్ట్రేలియా, మరోవైపు పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవుల జట్టు అమెరికన్ సమోవా. ఆట ముగిసింది. మైదానంలోని స్కోరుబోర్డు 32-0 అని చూపిస్తోంది. రిఫరీ రాసుకున్న లెక్కలో మాత్రం 31 ఉన్నాయి. గోల్స్ అంత వడివడిగా పడుతుంటే బోర్డు నడిపేవాళ్లకే లెక్క తప్పింది. చివరికి రిఫరీ లెక్కే ఖాయమైంది. 31-0. అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో అధికారికంగా అతి పెద్ద గెలుపు నేటికీ అదే. అందులో ఆర్చీ థాంప్సన్ ఒక్కడే 13 గోల్స్ కొట్టాడు.

వేలమంది చూస్తుండగా, కెమెరాలు తిరుగుతుండగా, 2001లో కూడా ఎన్ని గోల్స్ పడ్డాయన్న దగ్గర తేడా వచ్చింది. అలాంటప్పుడు 1930లో, 1938లో ఏం జరిగి ఉంటుందో ఊహించండి. రికార్డు అంటే మైదానం పక్కన కూర్చున్న ఒక మనిషి ఆనాటి నిబంధనను బట్టి, తన కంటికి కనిపించినంత వరకు రాసిపెట్టిన మాట. ఆ మనిషిని, ఆ నిబంధనను పక్కన పెట్టి ఒట్టి అంకెను పట్టుకుంటే కొందరికి అన్యాయం జరుగుతుంది. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. అన్యాయం జరిగినవాళ్ల పేర్లు చెబుతాను.

మొదటి పేరు బెర్ట్ పటెనాడ్. 1930లో ఉరుగ్వేలో మొట్టమొదటి ప్రపంచ కప్పు జరిగింది. అర్హత పోటీలు లేవు, ఆహ్వానం మీద 13 జట్లు వచ్చాయి. యూరప్ నుంచి వచ్చినవి నాలుగే. ఓడ ఎక్కి అట్లాంటిక్ దాటి రావాలి కాబట్టి మిగతావాళ్లు వెనకాడారు. ఫ్రాన్స్, బెల్జియం, రుమేనియా జట్లు కాంటె వెర్దె అనే ఒకే ఓడలో వచ్చాయి. జులై 13న ఫ్రాన్స్ ఆటగాడు లూసియన్ లారాన్ మెక్సికో మీద ప్రపంచ కప్పు చరిత్రలో తొలి గోల్ కొట్టాడు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

జులై 17న మాంటెవిడియోలో అమెరికా జట్టు పరాగ్వేను 3-0తో ఓడించింది. పటెనాడ్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు. మూడు గోల్సూ తనవే. కానీ చొక్కాల మీద అంకెలు లేని రోజులవి. టీవీ లేదు, ఆగి మళ్లీ చూసుకునే వీలు లేదు. రెండో గోల్ దగ్గర లెక్కలు వేరుపడ్డాయి. ఒక చోట సహచరుడు టామ్ ఫ్లోరీ పేరు రాశారు, ఇంకో చోట పరాగ్వే ఆటగాడు పొరపాటున తమ గోల్‌లోకే కొట్టుకున్న సొంత గోల్‌గా రాశారు. దాంతో పటెనాడ్ ఖాతాలో రెండే మిగిలాయి. రెండు రోజుల తర్వాత, జులై 19న, అర్జెంటీనా ఆటగాడు గియెర్మో స్టాబిలె మెక్సికో మీద మూడు గోల్స్ కొట్టాడు. ప్రపంచ కప్పులో తొలి హ్యాట్రిక్ వీరుడిగా పుస్తకాల్లోకి ఎక్కింది ఆయనే. ఒక తరం కాదు, మూడు తరాలు అలాగే చదువుకున్నాయి.

2006 నవంబరులో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఆ లెక్కను సరిదిద్దింది. పాత ఆధారాలన్నీ పరిశీలించి, పరాగ్వే మీద పడ్డ మూడు గోల్సూ పటెనాడ్‌వేనని, తొలి హ్యాట్రిక్ ఆయనదేనని ప్రకటించింది. పటెనాడ్ 1974లో, తన 65వ పుట్టినరోజు నాడే కన్నుమూశాడు. అంటే ఆయన పోయిన 32 ఏళ్లకు ఆ గౌరవం దక్కింది. స్టాబిలె తప్పు ఇందులో ఏమీ లేదు. ఆయన కొట్టిన మూడు గోల్స్ మూడే. ఆ టోర్నీలో 8 గోల్స్‌తో అందరికంటే పైన నిలిచాడు. అర్జెంటీనా తరఫున ఆయన ఆడినవి ఆ నాలుగు ఆటలే, ఆ తర్వాత మళ్లీ ఆ చొక్కా వేసుకోలేదు. ఆటకు రెండు చొప్పున గోల్స్! రెండో స్థానానికి దిగినా ఆయన గొప్పతనం ఇసుమంత కూడా తగ్గదు.

ఆ 1930 ఫైనల్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. ఉరుగ్వే, అర్జెంటీనా రెండూ మా బంతితోనే ఆడాలని పట్టుబట్టాయి. చివరికి మొదటి సగం అర్జెంటీనా బంతితో, రెండో సగం ఉరుగ్వే బంతితో ఆడారు. తమ బంతితో ఆడినప్పుడు అర్జెంటీనా 2-1తో ముందుంది. బంతి మారాక ఉరుగ్వే 4-2తో గెలిచింది. చివరి గోల్ కొట్టిన హెక్టర్ కాస్ట్రోకు కుడి ముంజేయి లేదు. ‘4-2’ అన్న రెండు అంకెల్లో ఇవేవీ కనిపించవు.

రెండో కథ 1938 నాటిది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో బ్రెజిల్, పోలండ్ తలపడ్డాయి. అదనపు సమయం దాకా వెళ్లిన ఆ ఆటలో బ్రెజిల్ 6-5తో గెలిచింది. బ్రెజిల్ ఫార్వర్డ్ లియోనిదాస్ ఆ రోజు నాలుగు గోల్స్ కొట్టాడని కొందరు, మూడే అని మరికొందరు రాశారు. టోర్నీ మొత్తం మీద ఆయనవి ఎనిమిది అని చాలాకాలం చెప్పుకున్నారు. ఇప్పుడు ఫిఫా లెక్కలో ఏడు. అయితే ఆ ఆటలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఓడిన జట్టులోని మనిషి. పోలండ్ కుర్రాడు ఎర్నెస్ట్ విలిమోవ్‌స్కీ. నాలుగు గోల్స్ కొట్టాడు, అయినా జట్టు ఇంటిదారి పట్టింది. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. యుద్ధకాలంలో ఆయన జర్మనీ జట్టు తరఫున ఆడాడు. దాంతో యుద్ధానంతర పోలండ్‌లో ఆయనను ద్రోహిగా చూశారు, ఆయన పేరు ఎత్తడమే మానేశారు. దేశాల తగవుల్లో మనిషి పేరు చెరిపేయవచ్చు గాని, ఆయన నాలుగు గోల్స్ మాత్రం లెక్కలో నుంచి పోలేదు. రికార్డు పుస్తకం అన్యాయమే కాదు, కొన్నిసార్లు న్యాయం కూడా చేస్తుందని చెప్పడానికి ఇది చాలు.

ఇక అందరూ ఎదురుచూసే అంకె దగ్గరికి వస్తాను. పదమూడు. 1958లో స్వీడన్‌లో ఫ్రాన్స్ ఆటగాడు జుస్త్ ఫొంటెన్ ఒకే టోర్నీలో కొట్టిన గోల్స్. ఆరు ఆటల్లో పదమూడు. పరాగ్వే మీద 3, యుగోస్లావియా మీద 2, స్కాట్లండ్ మీద 1, ఉత్తర ఐర్లండ్ మీద 2, సెమీఫైనల్‌లో బ్రెజిల్ మీద 1, మూడో స్థానం కోసం ఆడిన ఆటలో పశ్చిమ జర్మనీ మీద 4. ఆరు ఆటల్లో ఒక్కటి కూడా ఖాళీగా పోలేదు. ఆ చివరి ఆటలో ఫ్రాన్స్‌కు ఒక పెనాల్టీ దొరికితే దాన్ని కొట్టింది రేమండ్ కోపా, ఫొంటెన్ కాదు. ఇప్పటి ఆటగాళ్లయితే ఆ బంతిని ఇంకొకరికి వదిలేవారా అని నాకు అనిపిస్తుంది.

అసలు ఆయన తుది జట్టులో ఆడటమే అనుకోకుండా జరిగింది. ఆ స్థానంలో ఆడవలసిన రెనే బ్లియార్ గాయపడటంతో అవకాశం వచ్చింది. సాధన సమయంలో ఫొంటెన్ బూట్లు పాడయ్యాయి. సహచరుడు స్టెఫాన్ బ్రుయే తన జత ఇచ్చాడు. ఎరువు తెచ్చుకున్న బూట్లతో పదమూడు గోల్స్! నాలుగేళ్ల తర్వాత, కాలు రెండుసార్లు విరగడంతో, 28 ఏళ్ల వయసులోనే ఆట మానేయవలసి వచ్చింది. దేశం తరఫున ఆడినవి 21 ఆటలు, కొట్టినవి 30 గోల్స్.

ఈ పదమూడును ఎందుకు ఎవరూ అందుకోలేకపోతున్నారు? ఆటగాళ్లు తగ్గిపోలేదు, ఆట మారింది. 1954లో స్విట్జర్లాండ్‌లో 26 ఆటల్లో 140 గోల్స్ పడ్డాయి. సగటున ఆటకు 5.38. ఫొంటెన్ ఆడిన 1958లో అది 3.6కు దిగింది. 1990లో ఇటలీలో 52 ఆటల్లో 115 గోల్స్, అంటే ఆటకు 2.21. ప్రపంచ కప్పు చరిత్రలో అతి తక్కువ సగటు అది. జట్లు రక్షణ నేర్చుకున్నాయి, వెనుక మనుషులను పెంచుకున్నాయి, బంతిని మాటిమాటికీ సొంత గోల్‌కీపరుకు వెనక్కి పంపి సమయం గడిపేశాయి. చూసేవాళ్లకు విసుగు పుట్టింది. 1992లో నిబంధన మార్చారు. సహచరుడు కాలితో వెనక్కి పంపిన బంతిని గోల్‌కీపరు చేతితో పట్టుకోకూడదన్నారు. 1994 ప్రపంచ కప్పు నుంచి గెలుపుకు రెండు పాయింట్ల బదులు మూడు ఇచ్చారు. గోల్స్ పెరిగాయి గాని, పాత రోజులు తిరిగి రాలేదు. 1970లో జర్మనీ ఆటగాడు గెర్డ్ ముల్లర్ 10 కొట్టాడు. 1974 నుంచి 2022 వరకు జరిగిన పురుషుల పోటీల్లో ఏ ఒక్కరూ ఒకే టోర్నీలో 8 దాటలేదు.

1954 గురించి ఎత్తాను కాబట్టి లోజాన్‌లో జరిగిన ఒక మధ్యాహ్నపు ఆటను కొంచెం దగ్గరగా చూద్దాం. జూన్ 26న ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ జట్ల మధ్య క్వార్టర్‌ఫైనల్. మండుటెండ. 19 నిమిషాలకే స్విట్జర్లాండ్ 3-0. ఆస్ట్రియా గోల్‌కీపరు కర్ట్ ష్మీడ్‌కు వడదెబ్బ తగిలింది. బంతి ఎక్కడుందో కూడా సరిగా తెలియని స్థితి. ఆ రోజుల్లో మారు ఆటగాడిని దించే వీలు లేదు. ఒకసారి దిగితే చివరిదాకా వాళ్లే. జట్టు సిబ్బందిలో ఒకరు గోల్‌పోస్ట్ వెనుక నిలబడి, బంతి ఎటు నుంచి వస్తోందో అరిచి చెబుతూ ఉంటే ష్మీడ్ దాన్ని బట్టి కదిలాడు. అదే జట్టు మూడు నిమిషాల వ్యవధిలో మూడు గోల్స్ కొట్టి స్కోరు సమం చేసింది. సగం ఆటకే 5-4. చివరికి 7-5తో ఆస్ట్రియా గెలిచింది. ఒక ప్రపంచ కప్పు ఆటలో పన్నెండు గోల్స్ పడటం అంతకుముందు లేదు, 2022 దాకా మళ్లీ లేదు. పట్టికలో ‘ఒక ఆటలో అత్యధిక గోల్స్’ అన్న ఒక్క వరుసగా కనిపించే ఆ రికార్డులో సగం పాలు ఎండది. స్పృహ తప్పేలా ఉన్నా స్థానం వదలని ఆ గోల్‌కీపరును తలుచుకుంటే నాకు ఏడు గోల్స్ కొట్టినవాళ్ల కంటే ఆయనే పెద్దగా కనిపిస్తాడు.

ఆ ఏడాదే హంగరీ ఐదు ఆటల్లో 27 గోల్స్ కొట్టింది. ఒక జట్టు ఒకే టోర్నీలో చేసిన గోల్స్‌లో 2022 వరకు అదే అత్యధికం. సాండర్ కోచిష్ ఒక్కడే 11. మొదటి దశలో పశ్చిమ జర్మనీని 8-3తో చిత్తు చేసింది. ఫైనల్‌లో అదే పశ్చిమ జర్మనీ చేతిలో 2-3తో ఓడింది. కప్పు మాత్రం రాలేదు.

కొన్ని చోట్ల మనం వాడే మాటే తప్పు. 1950లో రియోలోని మరకానా మైదానంలో బ్రెజిల్ ఫైనల్‌లో ఓడిందని అంటాం. నిజానికి ఆ ఏడాది ఫైనల్ అనేదే లేదు. బ్రెజిల్, ఉరుగ్వే, స్వీడన్, స్పెయిన్ ఒకరితో ఒకరు ఆడాలి, పాయింట్లు ఎక్కువ వచ్చినవారు విజేత. బ్రెజిల్ అప్పటికే స్వీడన్‌ను 7-1తో, స్పెయిన్‌ను 6-1తో ఓడించింది. జులై 16న ఉరుగ్వేతో డ్రా చేసుకున్నా కప్పు వాళ్లదే. రెండో సగం మొదట్లోనే ఫ్రియాసా గోల్ కొట్టాడు. తర్వాత స్కియాఫినో సమం చేశాడు. 79వ నిమిషంలో గిగియా కుడివైపు నుంచి దూసుకొచ్చి, గోల్‌కీపరు బార్బోసాకు, దగ్గరి స్తంభానికి మధ్యనున్న సందులో నుంచి బంతిని పంపాడు. అధికారికంగా ఆ రోజు హాజరైనవారు 1,73,850 మంది. వాస్తవంలో దాదాపు రెండు లక్షలని అంచనా. అంతమంది ఒక్కసారిగా మౌనమైపోయారు. బార్బోసా తన శేష జీవితమంతా ఆ ఒక్క గోల్‌కు జవాబు చెప్పుకుంటూ బతికాడు. ఒక మనిషి మీద ఒక దేశం అంత భారం మోపడం నాకు నేటికీ బాధ కలిగిస్తుంది.

నిబంధన మారితే లెక్క ఎలా మారుతుందో పతకాల దగ్గర కూడా చూడవచ్చు. పెలే మూడు ప్రపంచ కప్పులు గెలిచిన ఏకైక ఆటగాడు. 1958లో ఫైనల్‌లో రెండు గోల్స్ కొట్టినప్పుడు ఆయనకు పదిహేడేళ్లు. 1962లో రెండో ఆటలోనే గాయపడ్డాడు, ఫైనల్ ఆడలేదు. ఆనాటి పద్ధతిలో పతకాలు ఫైనల్‌లో ఆడినవారికే. కాబట్టి పెలేకు ఆ ఏడాది పతకం లేదు. జట్టులోని అందరికీ ఇవ్వాలని ఫిఫా తర్వాత నిర్ణయించి, పాతవాళ్లకు కూడా దాన్ని వర్తింపజేసింది. అలా 1962 పతకం పెలేకు 2007లో అందింది.

అదనపు సమయంలో కూడా తేలని ఆటను వంతులవారీగా పెనాల్టీలు కొట్టి తేల్చే షూటౌట్‌లదీ ఇదే తంతు. ప్రపంచ కప్పులో తొలి షూటౌట్ 1982లో సెవిల్లెలో, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ మధ్య సెమీఫైనల్‌లో జరిగింది. షూటౌట్‌లో కొట్టిన గోల్స్ ఎవరి ఖాతాలోకీ రావు. 2022 ఫైనల్‌లో కిలియన్ ఎంబాపే మూడు గోల్స్ కొట్టాడు, షూటౌట్‌లో కూడా బంతిని లోపలికి పంపాడు. లెక్కలో మూడే. 1966లో జెఫ్ హర్స్ట్ తర్వాత పురుషుల ఫైనల్‌లో హ్యాట్రిక్ చేసింది ఎంబాపేనే, అయినా కప్పు అర్జెంటీనాకు వెళ్లింది. లెక్క ప్రకారం ఆ ఆట 3-3 డ్రా. షూటౌట్ లేని కాలంలో ఇంకా విచిత్రం జరిగేది. 1968 యూరప్ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్‌లో ఇటలీ, సోవియట్ యూనియన్ గోల్ లేకుండా డ్రా చేసుకుంటే నాణెం ఎగరేశారు. ఇటలీ కెప్టెన్ ఫకెట్టి అడిగిన వైపు పడింది. ఇటలీ ఫైనల్‌కు వెళ్లి, ఛాంపియన్ కూడా అయింది.

గొప్ప రికార్డు గొప్ప ఆటలోనే పుట్టాలని లేదు. 1994లో అమెరికాలో రష్యా ఆటగాడు ఒలెగ్ సాలెంకో కామెరూన్ మీద ఒకే ఆటలో ఐదు గోల్స్ కొట్టాడు. 2022 దాకా పురుషుల ప్రపంచ కప్పులో మరెవరూ అది చేయలేదు. రష్యా 6-1తో గెలిచింది, కానీ ముందుకు వెళ్లలేకపోయింది. కామెరూన్ కూడా ఇంటికే. ఎవరికీ ఏమీ ఒరగని ఆట! అదే ఆటలో కామెరూన్ ఏకైక గోల్ కొట్టింది రోజర్ మిల్లా. వయసు 42. పురుషుల ప్రపంచ కప్పులో గోల్ కొట్టిన అతి పెద్ద వయస్కుడిగా 2022 వరకు ఆయనదే రికార్డు. రెండు రికార్డులూ ఒకే ఎండలో, ఒకే గంటన్నరలో పుట్టాయి. సాలెంకో ఆ టోర్నీలో 6 గోల్స్‌తో బల్గేరియా ఆటగాడు స్టోయిచ్కోవ్‌తో సమంగా నిలిచాడు. మళ్లీ రష్యా జట్టుకు ఆడలేదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకున్న విషయానికి వస్తున్నాను. అసలు పుస్తకంలోకే ఎక్కని లెక్కలు. 1971లో మెక్సికోలో మహిళల ప్రపంచ పోటీ జరిగింది. ఆరు జట్లు. ఫిఫా ప్రమేయం లేదు, గుర్తింపూ లేదు. ఫైనల్‌లో డెన్మార్క్ 3-0తో మెక్సికోను ఓడించింది. మూడు గోల్సూ సుసాన్నె ఆగస్టెసెన్‌వి. ఆ అమ్మాయికి పదిహేనేళ్లు. ఆజ్టెకా మైదానంలో ఆ ఆటను చూసినవారు దాదాపు లక్షా పదివేల మందని చెబుతారు. ఆలోచించండి. లక్ష మందికి పైగా ముందు, పదిహేనేళ్ల పిల్ల, ప్రపంచ ఫైనల్‌లో హ్యాట్రిక్. ఏ అధికారిక పట్టికలోనూ అది లేదు. మహిళల ఆటకు అత్యధిక హాజరు అంటే అధికారిక ప్రపంచ కప్పుల లెక్కలో 1999 ఫైనల్‌లోని 90,185ను చూపిస్తారు.

ఫిఫా తొలిసారి మహిళలకు ప్రపంచ పోటీ పెట్టింది 1991లో, చైనాలో. అప్పుడు కూడా ఆట 90 నిమిషాలు కాదు, 80 నిమిషాలే. ఆ 80 నిమిషాల ఆటల్లోనే అమెరికా ఆటగత్తె మిషెల్ ఏకర్స్ 10 గోల్స్ కొట్టింది. ఆ పది నిమిషాల కోతను లెక్కలో పెట్టుకుని ఆ పదిని చదవాలని నా విన్నపం. బ్రెజిల్ క్రీడాకారిణి మార్తా ప్రపంచ కప్పుల్లో కొట్టిన గోల్స్ 17. పురుషుల్లో జర్మనీకి చెందిన మిరొస్లావ్ క్లోజె 16 దగ్గర ఆగాడు. ‘ప్రపంచ కప్పులో అత్యధిక గోల్స్ ఎవరివి’ అని 2022లో ఎవరైనా అడిగి ఉంటే సరైన జవాబు మార్తా. చాలామంది క్లోజె అనే చెప్పేవారు. ప్రశ్నలో ‘పురుషుల’ అన్న మాట లేకపోయినా ఉన్నట్టే వినడం మనకు అలవాటైపోయింది. అదే బ్రెజిల్‌కు చెందిన ఫొర్మీగా 1995 నుంచి 2019 వరకు ఏడు ప్రపంచ కప్పులు ఆడింది. 2022 వరకు పురుషుల్లో ఎవరూ ఏడు ఆడలేదు.

ముగించే ముందు కాఫ్స్ హార్బర్‌కు తిరిగి వెళతాను. ఆ రోజు 31 గోల్స్ ఇచ్చుకున్న గోల్‌కీపరు పేరు నిక్కీ సలాపు. అమెరికన్ సమోవా అసలు జట్టులో చాలామందికి అమెరికా పాస్‌పోర్టు లేదని అనర్హులను చేశారు. ముందు ఎంచుకున్నవారిలో మిగిలింది సలాపు ఒక్కడే. యువజట్టు నుంచి తెద్దామంటే వాళ్లకు బడి పరీక్షలు. దొరికినవాళ్లతో, పదిహేనేళ్ల కుర్రాళ్లతో జట్టు కట్టారు. ఆ కుర్రాళ్లు గంటన్నర పాటు మైదానం వదలలేదు. రెండు రోజుల ముందు ఇదే ఆస్ట్రేలియా టోంగాను 22-0తో ఓడించింది. ఇలాంటి ఆటల వల్ల ఎవరికీ మేలు లేదని గ్రహించి, తర్వాత ఆ ప్రాంతంలో చిన్న జట్లకు ముందుగా వేరే దశ పెట్టారు.

2011 నవంబరు 22న సమోవాలోని ఆపియాలో అమెరికన్ సమోవా, టోంగా తలపడ్డాయి. 2014 ప్రపంచ కప్పుకు తొలి అర్హత దశ. అమెరికన్ సమోవా అంతవరకు ఒక్క అధికారిక ఆట కూడా గెలవలేదు. ఫిఫా ర్యాంకుల్లో అట్టడుగున ఉంది. ఆ రోజు రెండు గోల్స్ కొట్టింది. టోంగా ఒకటి తిరిగి ఇచ్చింది. చివరి ఈల మోగేసరికి 2-1. ఆ జట్టు గోల్‌పోస్ట్‌ల మధ్య నిలబడింది పదేళ్ల కిందటి ఆ నిక్కీ సలాపే. ఈసారి స్కోరుబోర్డుకూ రిఫరీ లెక్కకూ తేడా రాలేదు.